చూశానని అనను, దిగానని అంటాను

పోయిన ఆదివారం పిన్నితో ఫోన్లో మాట్లాడుతుంటే, "ఐస్లాండ్ కూడా చూసొచ్చావటగా!" అంది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా తమ్ముడి గొంతు వినిపించింది. "చూడటమేంటమ్మా, అక్క అక్కడ విమానం మారింది. మధ్యలో నాలుగు గంటలు ఊళ్ళోకెళ్ళొచ్చింది, అంతే." పిన్ని ఫోన్ వాడి చేతికిచ్చేసింది. అరగంట వాదించాడు. నాలుగు గంటల్లో ఒక దేశ రాజధానిని చూశాననడం ఆ ఊరికి మర్యాద కాదంటాడు. నిద్ర లేని కళ్ళతో, భుజాన బ్యాగుతో, మాటిమాటికీ గడియారం చూసుకుంటూ తిరిగితే అది తిరగడమే కాదంటాడు. ఎయిర్‌పోర్టులో ఓ మూల కాళ్ళు చాపుకుని పడుకోవాలి, ఆ ఊరంటే నిజంగా ఇష్టముంటే మరోసారి వారం రోజులు సెలవు పెట్టుకుని వెళ్ళాలి. వాడి లెక్కలో మధ్యరకం ప్రయాణమంటూ లేదు.

వాడి మాటల్లో సగం నిజముంది. ఆ సగమేదో, మిగతా సగంలో వాడెక్కడ పొరబడ్డాడో తేల్చుకుందామని కూర్చున్నాను.

జరిగిందేమిటంటే, డిసెంబరు మొదటి వారంలో బోస్టన్ నుంచి కోపెన్‌హేగన్ వెళ్తూ ఐస్లాండ్‌లో విమానం మారాలి. పొద్దున్న ఆరున్నరకి అక్కడి ప్రధాన విమానాశ్రయం కెఫ్లావిక్‌లో దిగాను. తర్వాతి విమానం సాయంత్రం నాలుగింటికి. మధ్యలో తొమ్మిదిన్నర గంటలు. రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి, పెద్ద పెట్టె నేరుగా కోపెన్‌హేగన్ చేరుతుంది, చేతిలో చిన్న బ్యాగొకటి. అమెరికా నుంచి షెంగెన్ దేశాలకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకి, ఇలా వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు తనిఖీ కెఫ్లావిక్‌లోనే అయిపోతుంది. అంటే నా షెంగెన్ వీసాతో నేను అప్పటికే ఐస్లాండ్‌లో అడుగు పెట్టేసినట్టు. ఇక బయటి తలుపు వైపు నడవాలా, కుర్చీల వైపు నడవాలా అన్నదొక్కటే మిగిలింది.

వెనక నుంచి లెక్క

ఇలాంటి చోట అందరూ ముందు నుంచి లెక్కేస్తారు. తొమ్మిదిన్నర గంటలుంది కదా, ఏమేం చూడొచ్చు అని. ఆ లెక్కలో గంటలు ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తాయి. నేను వెనక నుంచి వేసుకున్నాను. విమానం నాలుగింటికి. రెండింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఊరి నుంచి బస్సు ముప్పావు గంట. నేననుకున్న బస్సు తప్పిపోయినా తర్వాతిది అందేలా ఇంకో ముప్పావు గంట చేతిలో ఉంచుకోవాలి. అంటే పన్నెండున్నరకి రాజధాని రేక్యవిక్ వదిలేయాలి. ఇటు వైపు, తనిఖీ ముగిసి బస్సెక్కేసరికి ఏడున్నర, ఊరు చేరేసరికి ఎనిమిదింపావు. మిగిలింది నాలుగుంపావు గంటలు. తొమ్మిదిన్నరలో సగానికన్నా తక్కువ.

ఆ చేతిలో ఉంచుకునే ముప్పావు గంట దగ్గరే చాలామంది బేరమాడతారు. నేను ఆడను. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్ కాబట్టి విమాన సంస్థ ఇంకో దారి చూపిస్తుంది. ఊళ్ళో తిరుగుతూ నేనే తప్పిపోగొట్టుకుంటే ఆ తప్పు నాది, మిగతా టికెట్ మొత్తం రద్దైపోవచ్చు. ఒకసారి ఇంకో దేశంలో, ఇంకో ఊళ్ళో, పావుగంట ఎక్కువ నిలబడదామని ఆశపడి చివరికి గేటు దాకా పరిగెత్తాను. విమానం అందింది. కానీ ఆ ఊరి గురించి ఇవాళ నాకు గుర్తున్నది ఆ పరుగొక్కటే. వంతెన మీద ఆ పావుగంట నిలబడి ఏం చూశానో గుర్తు లేదు. గడియారం చూసుకుంటూ తిరగడం తిరగడమే కాదని తమ్ముడు అన్న మాట అక్షరాలా నిజమని నాకు తెలిసింది అప్పుడే. అందుకే లెక్కంతా బస్సులోనే ముగించేసి, ఫోన్లో పన్నెండుంపావుకి అలారం పెట్టి, ఆ తర్వాత టైము చూడటం మానేస్తాను.

నాలుగుంపావు గంటలు నిజంగా సరిపోతాయా అంటే, అది ఊరి సైజు మీద ఆధారపడి ఉంటుంది. తమ్ముడు "ఊరు" అని ఒకే మాట వాడాడు గానీ అన్ని ఊళ్ళూ ఒకటి కావు. కెఫ్లావిక్ నుంచి రేక్యవిక్ యాభై కిలోమీటర్లు. నారిటా విమానాశ్రయం నుంచి టోక్యో నడిబొడ్డుకి అరవై. దూరంలో పెద్ద తేడా లేదు. కానీ టోక్యోలో నాలుగు గంటలంటే ఒక స్టేషన్, దాని చుట్టూ ఉన్న రెండు వీధులు. ఆ రెండు వీధుల్ని టోక్యో అనలేం. రేక్యవిక్ జనాభా దాదాపు లక్షా నలభై వేలు. పాత ఊరు మొత్తం కాళ్ళ కింద పట్టేస్తుంది. చర్చి గుట్ట దగ్గర మొదలుపెట్టి దిగువనున్న చెరువు దాకా మెల్లగా నడిచినా అరగంట పట్టదు. లక్సెంబర్గ్ అలాంటిదే, విమానాశ్రయం ఊరికి ఆరు కిలోమీటర్లు, 2020 నుంచి ఆ దేశంలో బస్సులకీ ట్రాములకీ టికెట్టే లేదు. జెనీవాలో రైలెక్కితే పది నిమిషాల లోపే ఊరి మధ్య దింపుతుంది. ఇలాంటి ఊళ్ళకి లేఓవర్, అంటే రెండు విమానాల మధ్య ఆగే సమయం, ఒక కొలతలా సరిపోతుంది. పెద్ద నగరాల విషయంలో నేను తమ్ముడి పక్షమే, ఎయిర్‌పోర్టులో పడుకోవడమే మేలు.

చీకట్లో ఊరు

బస్సు దిగేసరికి చిమ్మచీకటి. డిసెంబరు మొదట్లో అక్కడ పదకొండు కావస్తుంటే గానీ సూర్యుడు రాడు, నాలుగు కొట్టకముందే వెళ్ళిపోతాడు. అంటే నా నాలుగుంపావు గంటల్లో రెండున్నర గంటలకు పైగా సూర్యుడు లేని ఊరే నాకు దక్కేది. టూరిస్టుగా చూస్తే ఇది నష్టం. ఫొటోలు రావు, దూరానున్న కొండలు కనిపించవు.

గుట్టెక్కుతుంటే చర్చి కంటే ముందు పిల్లలు కనబడ్డారు. సరిగ్గా చెప్పాలంటే పిల్లలు కనబడలేదు, వాళ్ళ కోట్లకీ బ్యాగులకీ అంటించిన మెరుపు పట్టీలు కనబడ్డాయి. కారు లైటు పడ్డప్పుడల్లా నాలుగైదు పట్టీలు తళుక్కుమంటాయి, మళ్ళీ చీకటి. అందరూ ఒకే భవనం వైపు వెళ్తున్నారు. గేటు మీది పేరు కూడబలుక్కుని చదివాను, ఆస్టుర్‌బైయర్‌స్కోలి. తర్వాత చదివితే తెలిసింది, 1930లో ఊరవతలి వేడి నీటి ఊటల నుంచి మూడు కిలోమీటర్ల గొట్టం వేసి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చినప్పుడు ఆ వేడి మొదట అందింది ఈ బడికేనట. ఇప్పుడు ఆ దేశంలో పదిళ్ళలో తొమ్మిదింటికి భూమిలోని వేడే వెచ్చదనం. ఆ పొద్దున ఇదేదీ నాకు తెలియదు. రాత్రిలా ఉన్న చీకట్లో పిల్లలు మామూలుగా బడికి పోతున్నారన్నదొక్కటే కళ్ళకి కనబడింది. జూన్‌లో వారం రోజుల సెలవు పెట్టుకుని వెళ్ళుంటే అర్ధరాత్రి కూడా చీకటి పడని ఊరిని చూసేదాన్ని. ఇది చూసేదాన్ని కాదు.

నా వాదనకి మొదటి ముక్క ఇక్కడ దొరికింది. సెలవు మీద వెళ్ళేవాళ్ళు ఊరికి ఏ కాలం బాగుంటుందో చూసుకుని వెళ్తారు. లేఓవర్ మనిషికి ఆ ఎంపిక ఉండదు. విమానాల వేళలు ఎప్పుడు దింపితే అప్పుడు దిగాలి, మంగళవారమైనా, చీకటైనా, చినుకైనా. ఊరు నీ కోసం తయారై ఉండదు. తన పనిలో తను ఉంటుంది.

హల్గ్రిమ్స్‌కిర్క్యా చర్చి ముందు కాసేపు నిలబడ్డాను. 1945లో మొదలుపెట్టి 1986లో పూర్తి చేశారట, డెబ్భై నాలుగున్నర మీటర్ల ఎత్తు. చల్లారిన లావా స్తంభాల్లా గీసిన ముఖభాగం కింద నుంచి వెలుతురు పడి మంచుగడ్డలా ఉంది. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుందంటారు. నేను ఎక్కలేదు. ఆ చీకట్లో పైనుంచి దీపాలు తప్ప ఏమీ కనబడవు, పైగా నేను ఆ నాలుగు గంటలకి ఒకే పని పెట్టుకున్నాను. ఫోన్లో తమ్ముడికి అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇదే. "రేక్యవిక్ దాకా వెళ్ళి ఆ టవర్ ఎక్కలేదా అక్కా?" చూడ్డానికి నాలుగు గంటలు చాలవన్నవాడే, చూడాల్సిన వాటి పట్టీ మాత్రం వదల్లేకపోయాడు.

నీళ్ళలో గంటన్నర

ఆ ఒక్క పనీ సుండ్‌హోల్లిన్. ఊరి పాత ఈతకొలను, 1937లో తెరిచింది. ఆ చర్చిని గీసిన గుడ్యోన్ సామ్యుయెల్సనే దీన్నీ గీశాడు. చర్చి నుంచి ఐదు నిమిషాల నడక. తెల్లవారకముందే తెరుస్తారు, పనికి పోయేముందు ఊరివాళ్ళు వచ్చి మునిగి వెళ్తారు.

విమానాశ్రయం నుంచి ఇరవై నిమిషాల్లో బ్లూ లగూన్ ఉంది కదా, లేఓవర్ వాళ్ళంతా అక్కడికే పోతారు కదా అని మీలో కొందరు అడుగుతారు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1970ల్లో పక్కనున్న విద్యుత్కేంద్రం నుంచి వదిలిన నీళ్ళు లావా గుంటల్లో నిలిచి ఏర్పడిన మడుగది, దాని కథ ఆసక్తిగానే ఉంటుంది. కానీ పెట్టెలు దాచుకునే గదితో సహా అక్కడి ఏర్పాటంతా నాలాంటి వాళ్ళని లెక్కలో పెట్టుకుని చేసిందే. అక్కడ నా చుట్టూ ఉండేది నాలాగే విమానాల మధ్య ఉన్నవాళ్ళు. అంటే ఎయిర్‌పోర్టే ఇంకొంచెం దూరం సాగినట్టు. నాకు కావాల్సింది, నేను వచ్చినా రాకపోయినా ఆ రోజు అలాగే జరిగిపోయే చోటు.

అలాంటి చోట ముందు భయం వేస్తుంది. సుండ్‌హోల్లిన్‌లో ఆడవాళ్ళ షవర్ గది గోడ మీద ఒక బొమ్మ ఉంది, ఒంట్లో ఏయే భాగాలు సబ్బుతో రుద్దుకోవాలో రంగు వేసి చూపిస్తూ. బట్టలన్నీ విప్పి, అందరి మధ్యా ఒళ్ళు కడుక్కుని, ఆ తర్వాతే ఈత దుస్తులు వేసుకోవాలి. కొలనులో క్లోరిన్ తక్కువ కలుపుతారు కాబట్టి ఈ నియమంలో మినహాయింపు లేదు. నేను పెరిగిన తీరుకి అది చిన్న విషయం కాదు. తువ్వాలు గట్టిగా పట్టుకుని ఐదు నిమిషాలు అలాగే నిలబడిపోయాను. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. పక్కన డెబ్భై ఏళ్ళ పెద్దావిడ ఒకామె ఎవరినీ చూడకుండా తల రుద్దుకుంటోంది. ఇంకొకామె చంటిదాన్ని చంకనేసుకుని నీళ్ళు పోస్తోంది. ఎవరూ నా వైపు చూడటం లేదని అర్థమయ్యాక తువ్వాలు వదిలేశాను. షవర్ నీళ్ళు గంధకం వాసన వేశాయి. వేడి నీళ్ళకి మాత్రమే ఆ వాసన, చల్లటి నీళ్ళు మామూలుగానే ఉంటాయి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి కాబట్టి.

బయట మేడ మీద వేడి నీళ్ళ తొట్లున్నాయి. మంచు గాలి ముఖాన్ని కోస్తుంటే మెడ దాకా నలభై డిగ్రీల నీళ్ళు. ఒక్కో తొట్లో నలుగురైదుగురు. షవర్లో చూసిన పెద్దావిడ, ఆవిడ స్నేహితురాలు, ఓ నడివయసాయన, నేను. వాళ్ళ మాటలు నాకు తెలియవు. చాలాసేపు మాటల్లేకుండానే కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటాక తూర్పున నలుపు కాస్త ముదురు నీలంలోకి మారింది. ఎవరూ ఆ వైపు తలతిప్పి చూడలేదు, వాళ్ళకిది రోజూ ఉండేదే. నాకు మాత్రం రాత్రంతా విమానంలో లేని నిద్ర ఆ నీళ్ళలో దిగిపోయినట్టనిపించింది.

తిరిగొచ్చాక చదివాను, ఐస్లాండ్ బళ్ళలో 1940 నుంచి ఈత నేర్పడం చట్టం. చేపల వేటకి పోయినవాళ్ళు ఒడ్డు కనబడుతుండగానే ఈత రాక మునిగిపోయే దేశమది ఒకప్పుడు. చదివాక ఆ తొట్లోని పెద్దావిడ నాకు ఇంకో రకంగా గుర్తొచ్చింది. ఆవిడ బళ్ళో ఈత నేర్చుకున్న తొలి తరాల్లో ఒకరై ఉండాలి.

కిటికీలో ఏడు దీపాలు

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే సంగతి. బస్సు దిగి గుట్టెక్కుతున్నప్పుడు ఇంచుమించు ప్రతి కిటికీలోనూ ఒకే రకం దీపం చూశాను. త్రికోణంగా పైకి లేచే చట్రం మీద ఏడు కరెంటు కొవ్వొత్తులు. నడుస్తూ నడుస్తూ దానికో కథ అల్లేశాను. సముద్రం మీద ఉన్నవాళ్ళకి ఇంటి దారి చూపడానికి పెట్టే దీపమై ఉంటుందని. ఎంత బాగా కుదిరింది! చేపలవాళ్ళ ఊరు, చీకటి కాలం, కిటికీలో దీపం. ఎవరినీ అడక్కుండా పన్నెండున్నరకి బస్సెక్కేసి ఉంటే ఈ కథని నిజమనే నమ్మి మోసుకొచ్చేదాన్ని. పిన్నికి చెప్పేదాన్ని. ఇక్కడ రాసేదాన్ని కూడా.

తొట్లో పెద్దావిడని అడిగాను. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు. క్రిస్మస్ ముందు నాలుగు వారాలూ పెట్టుకునే దీపాలంది. అసలది ఐస్లాండ్‌దే కాదు, స్వీడన్ నుంచి వచ్చిందని, తన చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ చూళ్ళేదని కూడా అంది.

తమ్ముడి సగం నిజం ఇదే. తక్కువసేపు ఉన్నవాళ్ళు తెలియని ఖాళీల్ని ఊహతో పూడ్చేస్తారు, ఆ ఊహ అందంగా ఉంటే దాన్నే ఊరనుకుంటారు. నేను ఒక దీపం గురించి అడిగాను, దిద్దుకున్నాను. అడగని వాటి సంగతేంటి? ఆ పిల్లలు చీకట్లో బడికి మామూలుగా పోతున్నారన్నాను. మామూలుగానే పోతున్నారా, ఆ చీకటి వాళ్ళకీ బరువేనా? రెండు నిమిషాలు చూసి ఎలా చెప్పగలను? వారం ఉన్నవాళ్ళకీ ఇది తప్పదు కదా అని తమ్ముడితో అనబోయి ఆగాను. తప్పదు, కానీ వాళ్ళకి దిద్దుకునే అవకాశాలు నా కన్నా చాలా ఎక్కువ. ఈ తేడాని నేను కొట్టిపారేయలేను.

నేను చేయగలిగింది ఒకటుంది, చెప్పే మాట మార్చుకోవడం. మనకి "మజిలీ" అని మంచి మాటుంది. లేఓవర్‌కి అంతకన్నా దగ్గరి మాట నాకు కనబడలేదు. 1830 మేలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు దాటాక తిరిగొచ్చాడు. దారి పొడుగునా ఏ మజిలీలో దిగితే ఆ ఊరి గురించి రాసుకుంటూ పోయాడు. చాలా ఊళ్ళలో ఆయన ఉన్నది ఒక్క పూటో ఒక్క రాత్రో. నీళ్ళ వసతి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది, ఇలా దారినపోయే మనిషికి తెలిసేది, పనికొచ్చేది రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఊళ్ళ గురించి ఆ నాలుగు వాక్యాలు విలువైనవే. ఒక్క పూటలో తెలుసుకోగలిగినదాంతో సరిపెట్టుకున్నాడు కాబట్టే అవి నిలిచాయని నా నమ్మకం.

తెలుగులో "దిగడం" అనే మాటలోనూ ఈ కొలత ఉంది. విమానం దిగాను, ఆ ఊళ్ళో దిగాను, వాళ్ళింట్లో దిగాను. అందులో చూశానన్న గొప్ప లేదు, ఊరికే పోయానన్న చులకనా లేదు. పిన్ని మళ్ళీ అడిగితే రేక్యవిక్‌లో దిగానని చెప్తాను. తమ్ముడు అన్న "అంతే" మాత్రం ఒప్పుకోను.

బొమ్మల కొట్లు

పదింపావుకి కొలను నుంచి బయటపడి లౌగావేగుర్ వీధిలో నడిచాను. ఆ పేరుకి ఊటల దారి అని అర్థం. 1880ల్లో వేశారు, ఊళ్ళో ఆడవాళ్ళు మూటలు మోసుకుని బట్టలుతకడానికి వేడి నీటి ఊటలకి వెళ్ళే దారి. శీతాకాలంలో ఆ బరువుతో రానూపోనూ ఆ నడక ఎలాంటిదో, తడి జుట్టుతో పది నిమిషాలు నడిచిన నాకు కాస్త తెలిసింది.

ఇప్పుడా వీధి నిండా పఫిన్ పక్షి బొమ్మల కొట్లు. అక్కడివాళ్ళు వాటికో పేరే పెట్టారు, పఫిన్ కొట్లని. నాలుగు లక్షల లోపు జనమున్న దేశానికి ఏడాదికి ఇరవై లక్షల మందికి పైగా వస్తున్నారు. అట్లాంటిక్ దాటేవాళ్ళని మధ్యలో ఆపి ఊరు చూసి వెళ్ళమని అక్కడి విమాన సంస్థలు 1960ల నుంచే పిలుస్తున్నాయి, ఆ పిలుపు బాగానే పనిచేసింది. ఒక అద్దం ముందు నిలబడి, వరుసగా పేర్చిన ఆ బొమ్మల్ని చూస్తే నాకు బాధేసింది. బట్టల మూటల వీధి బొమ్మల వీధి కావడంలో నాలాంటి వాళ్ళ చెయ్యి ఉంది. నేను అక్కడ రాత్రి ఉండలేదు, ఎవరి అద్దె ఇల్లూ నా వల్ల హోటలుగా మారలేదు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ బొమ్మల కొట్లు ఎక్కువగా బతికేది తొందరలో ఉన్నవాళ్ళ మీదే. కొనకపోవడం నా వంతు. అది పెద్ద పరిష్కారమేమీ కాదు. దీని మీద నాకింకా తేలలేదు.

తేలని విషయం ఇంకొకటుంది, ఇది ఇంతకన్నా పెద్దది. ఇదంతా ఆ తలుపు తెరుచుకున్నవాళ్ళ గొడవ. నా పాస్‌పోర్టులో ఆ పూట సరైన వీసా ఉంది. అంతకు ఆరేళ్ళ ముందు ఇంకో దేశపు విమానాశ్రయంలో తొమ్మిది గంటలు అద్దానికి ఇటు వైపు కూర్చున్నాను. ఊరి దీపాలు కనబడుతున్నాయి, మెట్రో రైలు వచ్చి పోతోంది, నాతోపాటు విమానం దిగిన ఇద్దరు అమ్మాయిలు వేరే రంగు పాస్‌పోర్టులు చూపించి నవ్వుకుంటూ బయటికి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి నా పక్కనే కూర్చుని ఫొటోలు చూసుకున్నారు. కొన్ని దేశాల్లోనైతే గేటు దాటకుండా విమానం మారడానిక్కూడా కొందరికి ట్రాన్సిట్ వీసా కావాలి. సింగపూర్‌లో ఐదున్నర గంటలకు పైగా ఆగేవాళ్ళని ఉచితంగా ఊళ్ళో తిప్పి తీసుకొస్తారు, చాలా మంచి ఏర్పాటు, కానీ దానికీ ముందు దేశంలోకి అడుగుపెట్టే అర్హత ఉండాలి. "బయటికి వెళ్ళకుండా ఎయిర్‌పోర్టులో కూర్చునేవాళ్ళకి కుతూహలం లేదు" అని ఎవరైనా రాస్తే నాకు కోపం వస్తుంది. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఆ ఎంపిక ఉందో రాసినవాళ్ళకి తెలుసా?

అలాగే ఒంట్లో ఓపిక లేనివాళ్ళు, చంటిపిల్లలతో ఉన్నవాళ్ళు, ఆ విమానం తప్పితే ఉద్యోగం పోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు పడుకుంటే పడుకోనివ్వాలి. నేను చెప్పేది వెళ్ళగలిగి, వెళ్ళి ఏం లాభంలే అని ఆగిపోయేవాళ్ళకి. ముఖ్యంగా మా తమ్ముడికి.

పన్నెండుంపావుకి అలారం మోగినప్పుడు నేను ట్యోర్నిన్ చెరువు గట్టు మీద ఉన్నాను. చెరువు చాలావరకు గడ్డకట్టింది. ఒక మూల మాత్రం వేడి నీళ్ళు వదిలి పక్షుల కోసం తెరిచి ఉంచుతారు, బాతులన్నీ ఆ మూలకే చేరాయి. ఎండ వచ్చి గంట దాటింది. ఎండంటే ఇళ్ళ కప్పులకి అడ్డంగా తాకే పసుపు వెలుతురు అంతే. బస్సులో తిరిగి వెళ్తుంటే, పొద్దున చీకట్లో ఏమీ కనబడని దారికి రెండు వైపులా నాచు పట్టిన నల్లటి లావా, మీద అక్కడక్కడా మంచు. నేను ఎక్కడి గుండా వచ్చానో వెళ్ళేటప్పుడు తెలిసింది. విమానాశ్రయం చేరేసరికి ఒంటిగంటుంపావు. చేతిలో ఉంచుకున్న ముప్పావు గంట ఖర్చు కాలేదు, ఓ మూల కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

తొట్లో జరిగిన ఒక మాట తమ్ముడికి చెప్పలేదు, వాడు చదువుతాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దీపాల సంగతి చెప్పాక ఆ పెద్దావిడ నన్నడిగింది, "ఎప్పుడొచ్చావు?" అని.

"ఇవాళ పొద్దున్నే."

"ఎప్పుడు వెళ్తావు?"

చెప్పడానికి కాస్త సిగ్గేసింది. "ఇవాళే. మధ్యాహ్నం."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గోడ మీది గడియారం వైపు చూసి, పక్కనే ఉన్న చిన్న తొట్టి చూపించింది, చన్నీళ్ళది. "అయితే దానికీ టైముంది. ముందు అందులో మునిగి రా, మళ్ళీ ఇక్కడ కూర్చుందాం," అంది.